మొదటిసారి వచ్చే మనిషి కోసం

ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు.

సంఘానికి వెబ్‌సైట్ పెట్టాలనుకోగానే మనం ముందు సిద్ధం చేసేవి పాస్టర్‌గారి ఫొటో, సంఘ చరిత్ర, కిందటి క్రిస్మస్ కూడికల వీడియో. అవి ఇప్పటికే మనతో ఉన్నవాళ్లకు సంతోషం కలిగిస్తాయి. కానీ శనివారం రాత్రి ఫోన్‌లో చర్చి కోసం వెతుకుతున్న మనిషికి మనం ఎవరమో తెలియదు. కొత్త చోటికి ఉద్యోగానికి వచ్చిన అబ్బాయి కావచ్చు, ఈమధ్యే భర్తను పోగొట్టుకున్న ఆమె కావచ్చు, ఏళ్ల తరబడి చర్చి గడప తొక్కని పెద్దాయన కావచ్చు. మన వెబ్‌సైట్ ముందుగా వాళ్ల కోసం ఉండాలని నా నమ్మకం.

వాళ్ల మనసులో ఉండేవి చాలా చిన్న ప్రశ్నలు. ఆరాధన ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ముగుస్తుంది? ఏ భాషలో జరుగుతుంది? ఏ గుమ్మంలోంచి లోపలికి రావాలి? మామూలు బట్టల్లో వస్తే ఏమైనా అనుకుంటారా? పిల్లవాడు మధ్యలో ఏడిస్తే ఎక్కడికి తీసుకెళ్లాలి? చిన్నప్పటి నుంచీ సంఘంలో పెరిగిన మనకు ఇవి ప్రశ్నల్లా కూడా అనిపించవు. కొత్తవాళ్లకు మాత్రం ఇవన్నీ టెన్షనే. కొందరు ఆ టెన్షన్‌తోనే గేటు దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోతారు.

వీటిలో మనం రాయడానికి మొహమాటపడేవి రెండున్నాయి. ఒకటి కానుక. కానుక సంచి తన ముందుకు వచ్చినప్పుడు ఏం చేయాలో తెలియక కొత్త మనిషి ఇబ్బంది పడతాడు. ‘మొదటిసారి వచ్చినవారు కానుక వేయనవసరం లేదు, మీరు రావడమే మాకు సంతోషం’ అని ముందే రాస్తే ఆ భారం దిగిపోతుంది. రెండోది ప్రభురాత్రి భోజనం, అంటే యేసును జ్ఞాపకం చేసుకుంటూ రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడం. ఇక్కడ సంఘాల మధ్య నిజంగానే తేడాలున్నాయి. కతోలిక సంఘంలో సాధారణంగా కతోలికులే దాన్ని (వాళ్ల మాటలో దివ్యసత్ప్రసాదం) స్వీకరిస్తారు. యునైటెడ్ మెథడిస్ట్ సంఘంలో ఆ భోజనపు బల్ల అందరికీ తెరిచే ఉంటుంది. బాప్తిస్మం పొందినవారికి మాత్రమే ఇచ్చే సంఘాలు ఎన్నో. మీ పద్ధతి ఏదైనా సరే, దాన్ని మృదువుగా, ముందుగా చెప్పండి. తీసుకోనివాళ్లు తమ చోటే కూర్చుని ప్రార్థించుకోవచ్చని కూడా రాయండి. అందరూ లేచి వెళ్తుంటే ఒంటరిగా మిగిలిపోయిన మనిషికి ఆ మాట ఎంత అవసరమో ఆలోచించండి.

కొత్తవాళ్లను నిలబెట్టి పేరు చెప్పమనే అలవాటు మీకుంటే అదీ రాయండి. ఇష్టం లేనివాళ్లను నిలబెట్టకపోవడమే మంచిదని నేననుకుంటాను.

బంగారు ఉంగరం పెట్టుకుని వచ్చినవాడికి మంచి చోటు చూపించి, పేదవాడిని అక్కడ నిలబడమనే సంఘాన్ని యాకోబు తన పత్రికలో గద్దించాడు. ఆ గద్దింపు మన వెబ్‌సైట్‌కూ వర్తిస్తుంది. ఆరాధన వేళలను అందమైన పోస్టర్‌లో పెట్టి, ఆ బొమ్మ ఒక్కటే పేజీలో ఉంచుతాం. చూపు లేనివాళ్లకు పేజీని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ బొమ్మలోని అక్షరాలను సరిగా చదవలేకపోవచ్చు. అవే వేళలను మామూలు అక్షరాల్లో కూడా రాయడానికి రెండు నిమిషాలు చాలు. మెట్లు ఎక్కలేనివాళ్లకు ర్యాంప్ ఏ వైపు ఉందో చెప్పండి. లేకపోతే లేదని చెప్పండి, ఎవరు సాయం చేస్తారో రాయండి. ఇంగ్లండ్ సంఘం (చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్) తన చర్చిలన్నిటి కోసం నడిపే ‘ఎ చర్చ్ నియర్ యు’ వెబ్‌సైట్‌లో ప్రతి చర్చికీ ఒక పేజీ ఉంది. ఆరాధన వేళలతో పాటు ఇలాంటి సదుపాయాల వివరాలనూ ఆయా చర్చిలవాళ్లే అందులో నింపుకోవచ్చు.

ఇక ప్రత్యక్ష ప్రసారం సంగతి. 2020లో చర్చిల తలుపులు మూతపడినప్పుడు అది ఎందరినో నిలబెట్టింది. మంచం పట్టినవాళ్లకు ఇప్పటికీ అదే ఆసరా, దాన్ని ఆపేయకండి. అయితే 1995లోనే వెబ్‌సైట్ మొదలుపెట్టిన వాటికన్, 2002లో ఇచ్చిన పత్రంలో బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం వంటి సంస్కారాలు ఇంటర్నెట్‌లో ఉండవని స్పష్టంగా చెప్పింది. నేను ఆ మాటను గౌరవిస్తాను. అందుకే ప్రసారం చూసేవాళ్లను చూడటంతోనే వదిలేయకూడదు. ఎవరు చూస్తున్నారో తెలుసుకుని, వారంలో ఒకసారి ఫోన్ చేసి, వీలైతే ఇంటికి వెళ్లి పలకరించాలి.

ప్రార్థన మనవుల విషయంలో జాగ్రత్తగా ఉండండి. ఒక చెల్లెలు తన కాపురం గురించి రాసుకున్న బాధ అందరికీ కనిపించే పేజీలో ఉండకూడదు. పిల్లల ఫొటోలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా పెట్టకూడదు. 2018 నుంచి అమల్లో ఉన్న యూరప్ సమాచార రక్షణ చట్టం, ఒక మనిషి మత విశ్వాసాన్ని ప్రత్యేక రక్షణ కావలసిన సమాచారంగా లెక్కిస్తుంది. చట్టం ఉన్నా లేకపోయినా మనల్ని నమ్మి చెప్పిన మాటను కాపాడటం మన బాధ్యత.

చివరిగా ఒక పని అడుగుతాను. ‘మమ్మల్ని సంప్రదించండి’ అనే చోట ఎవరైనా రాస్తే అది ఎవరికి చేరుతుందో ఈ రోజే కనుక్కోండి. ఎవరూ తెరవని మెయిల్‌కు చేరుతుంటే దాన్ని మార్చండి. సంఘంలో ఇద్దరికి ఆ బాధ్యత అప్పగించండి, ఒకరు ఊళ్లో లేకపోతే ఇంకొకరు చూస్తారు. మరుసటి రోజుకల్లా జవాబు వెళ్లాలి. అందులో ‘ఆదివారం నేను గేటు దగ్గర ఉంటాను’ అన్న మాట, ఆ జవాబు రాసినవారి పేరు ఉండాలి. ఆదివారం వాళ్లు నిజంగా అక్కడ ఉండాలి.