షాంగ్ కాస్తా షాన్ అయితే

అందరికీ నమస్కారం.

సినిమా మొదలయ్యే ముందు ఒక పావుగంట మాట్లాడమన్నారు. ఈరోజు మనం చూడబోయే 'షాంగ్-చీ అండ్ ద లెజెండ్ ఆఫ్ ద టెన్ రింగ్స్' 2021 సెప్టెంబర్ 3న విడుదలైంది. తెలుగు డబ్బింగ్‌లోనూ వచ్చింది కాబట్టి మీలో చాలామంది చూసే ఉంటారు. చూడనివాళ్ళు నన్ను క్షమించాలి. కథ కొంత బయటపెట్టకుండా నేను అనుకున్నది చెప్పలేను.

ముందు నా సొంత విషయం ఒకటి చెప్తాను. నేను కాలిఫోర్నియాలో పదకొండేళ్ళు ఉన్నాను. వెళ్ళిన కొత్తలో జ్వరం వచ్చి అక్కడ ఒక క్లినిక్‌కి వెళ్ళాను. నర్సు తలుపు తీసి "వెంకటా" అని పిలిచింది. ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచింది. ఎవరో మనవాడే అయ్యుంటాడని నేనూ చుట్టూ చూశాను. మూడోసారి పిలిచాక తట్టింది, ఆ వెంకట నేనేనని. నా పేరు వెంకట సత్యవతి. మా ఇంట్లో పిల్లలందరి పేర్లకీ ముందు 'వెంకట' ఉంటుంది, మా నాయనమ్మ మొక్కు అది. కానీ పుట్టి ముప్ఫై ఏళ్ళొచ్చేదాకా నన్ను ఎవరూ వెంకటా అని పిలిచింది లేదు. ఆఫీసులో కొందరు ఏకంగా మా ఇంటిపేరుతోనే పిలిచేవారు. కాఫీ షాపులో 'సత్య' అని చెబితే కప్పు మీద 'సాషా' అని రాసిచ్చారు. కొన్నాళ్ళు సరిదిద్దాను. తర్వాత, వెనక లైన్లో అంతమంది నిలబడి ఉంటే ఎందుకులే అని, అడిగినప్పుడల్లా నేనే సాషా అని చెప్పడం మొదలుపెట్టాను.

ఈ సినిమాలో విమానం సీను వచ్చినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ కాఫీ కప్పే. పదేళ్ళ స్నేహం తర్వాత హీరో తన స్నేహితురాలు కేటీకి అసలు పేరు చెప్తాడు. నేను షాన్‌ని కాదు, షాంగ్-చీని అంటాడు. ఆ అమ్మాయికి 'షాంగ్' అని పలకడం రాదు. తనూ చైనా మూలాలున్న పిల్లే, అయినా రాదు. అతను ఓపిగ్గా మళ్ళీ మళ్ళీ పలికించి నేర్పుతాడు. తండ్రి నుంచి పారిపోయి దాక్కోవడానికి షాంగ్‌ని షాన్ చేసుకున్నావా, ఇదేం దాక్కోవడం అని ఆ పిల్ల ఆశ్చర్యపోతుంది. హాల్లో అందరూ నవ్వారు. నాకైతే గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది.

పేరు గురించి ఇంతసేపు ఎందుకు చెప్తున్నానంటే, ఈ సినిమా పుట్టుకలోనే పేరు గొడవ ఉంది. షాంగ్-చీ పాత్రని స్టీవ్ ఎంగిల్‌హార్ట్, జిమ్ స్టార్లిన్ అనే ఇద్దరు సృష్టించారు. మార్వెల్ కామిక్స్‌లో 1973 డిసెంబర్ సంచికలో మొదటిసారి కనిపించాడు. బ్రూస్ లీ అదే సంవత్సరం జూలై 20న చనిపోయాడు. కుంగ్‌ఫూ పిచ్చి అమెరికాని ఊపేస్తున్న రోజులవి. మంచిదే, ఒక ఆసియా హీరో వచ్చాడు. కానీ అతని తండ్రిగా ఎవరిని పెట్టారో తెలుసా? ఫూ మాంచుని.

ఫూ మాంచు అంటే శాక్స్ రోమర్ అనే ఇంగ్లీషు రచయిత నవలల్లో విలన్. మొదటి నవల 1913లో వచ్చింది. తర్వాత సినిమాలు తగిలించిన వేలాడే సన్నటి మీసాలు, పొడుగు గోళ్ళు, తెల్లవాళ్ళ ప్రపంచాన్ని నాశనం చెయ్యాలనే పన్నాగాలు. 'చైనావాడు' అనగానే పడమటి దేశాల పిల్లలు భయపడాల్సిన బొమ్మ అది. సినిమాల్లో ఆ వేషం తెల్లనటులే ముఖానికి రంగు పూసుకుని, కళ్ళు సాగదీసుకుని వేసేవారు. మన హీరో పుట్టింది ఆ బొమ్మకి కొడుకుగా. మార్వెల్‌లోనే 1964 నుంచి ఐరన్ మ్యాన్‌కి శత్రువుగా 'మాండరిన్' అని ఇంకో విలన్ ఉన్నాడు, పదివేళ్ళకి పది ఉంగరాలతో. వాడూ అదే అచ్చులో పోసినవాడే.

ఈ సినిమా తీసినవాళ్ళ ముందున్న చిక్కు ఇదీ. కొడుకుని తెర మీదికి తేవాలి, తండ్రిని ఏం చెయ్యాలి? దర్శకుడు డెస్టిన్ డేనియల్ క్రెటన్ హవాయిలోని మావి ద్వీపంలో పెరిగినవాడు, తల్లి జపనీస్ అమెరికన్. ఆయన, రచయిత డేవ్ కాలహామ్ కలిసి ఆ తండ్రికి కొత్త పేరు పెట్టారు: వెన్‌వు. చైనీస్‌లో 'వెన్' అంటే అక్షరం, విద్య. 'వు' అంటే యుద్ధవిద్య. కలమూ కత్తీ రెండూ ఉన్నవాడని అర్థం. ఉంగరాలని కూడా వేళ్ళ మీంచి తీసి ముంజేతులకి కడియాలుగా వేశారు. దక్షిణ చైనాలో హుంగ్‌గార్ అనే కుంగ్‌ఫూ పద్ధతి ఉంది, అందులో చేతులకి బరువైన ఇనుప వలయాలు తొడుక్కుని సాధన చేస్తారు. ఎక్కడో ఊహలోంచి ఊడిపడిన ఆభరణాన్ని పట్టుకొచ్చి నిజంగా ఉన్న సాధనకి కట్టారు. నాకు ఈ ఒక్క మార్పు మీదే చాలా గౌరవం.

ఆ పాత్రని టోనీ లియాంగ్‌కి ఇచ్చారు. హాంకాంగ్ నటుడు, 2000లో కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడు. అప్పటికే నలభై ఏళ్ళ అనుభవం, హాలీవుడ్‌లో మాత్రం ఇదే మొదటి సినిమా. భోజనాల బల్ల దగ్గర సీను వస్తుంది, జాగ్రత్తగా చూడండి. కొడుకు, కూతురు, కేటీ కూర్చుని ఉంటారు. తండ్రి నెమ్మదిగా మాట్లాడతాడు. నా అసలు పేరు తెలియని ఒకడు నాకో పేరు కల్పించాడు, మాండరిన్ అని, ఒక చికెన్ కూర పేరు అంటాడు. మాండరిన్ అంటే ఒక రకం నారింజ కూడా కదా, ఒక నారింజపండుని చూసి అమెరికా మొత్తం భయపడిందంటాడు. గొంతు పెంచడు, కళ్ళు మాత్రం కొద్దిగా చిట్లిస్తాడు. వందేళ్ళ అవమానానికి జవాబు ఆ కొంచెం చిట్లింపులో చెప్పేశాడు. తర్వాత కేటీ వైపు తిరిగి, నీ చైనీస్ పేరేంటమ్మా అన్నట్టు అడుగుతాడు. రుయివెన్ అంటుంది ఆ అమ్మాయి. పేర్లు పవిత్రమైనవి, అవి మనల్ని మన ముందు తరాలవాళ్ళతో కలుపుతాయంటాడు. చెప్పేది విలనే. కానీ ఆ మాటలో తప్పేముంది?

ఇక్కడ చిన్న మాట. చైనీస్‌వాళ్ళూ మనలాగే ఇంటిపేరు ముందు పెట్టుకుంటారు. లియాంగ్ అన్నది ఇంటిపేరే, సొంతూళ్ళో అదే ముందు వస్తుంది. మన పాస్‌పోర్టుల్లో ఏది ఫస్ట్ నేమో ఏది లాస్ట్ నేమో తెలియక ఎన్ని తంటాలు పడతామో విదేశాలు వెళ్ళొచ్చిన ప్రతి తెలుగువాడికీ తెలుసు. అందుకే ఈ సీను వాళ్ళకి ఎంత తగిలిందో నాకూ అంతే తగిలింది.

నేను దీన్ని మొదటిసారి అక్కడే చూశాను, మాస్కులు పెట్టుకుని హాలుకి వెళ్ళిన రోజుల్లో. పక్క సీట్లలో ఒక చైనీస్ పెద్దావిడ, పదహారేళ్ళుండే మనవడు. ట్రైలర్లు నడుస్తున్నంతసేపూ ఆ కుర్రాడు ఆవిడ చెవిలో ఏదో చెప్తూనే ఉన్నాడు, అర్థం చెప్తున్నాడు కాబోలు. సినిమా మొదలైంది. మొదట్లో వచ్చే కథనమంతా చైనావాళ్ళ మాండరిన్ భాషలోనే, కింద ఇంగ్లీషు అక్షరాలు. కుర్రాడు చెప్పడం ఆపేశాడు. వాడు తల దించి అక్షరాలు చదువుతున్నాడు, ఆవిడ తలెత్తి బొమ్మ చూస్తోంది. హాలంతా చదివి అర్థం చేసుకునేలోపే ఆవిడ తల ఊగేది. అమెరికాలో ఒక పెద్ద స్టూడియో సినిమాకి కూర్చుని, మనవడి సాయం లేకుండా, అందరికంటే ముందు మాట అందుకున్న మనిషిని నేను అప్పుడే చూశాను.

ఆ మొదటి నిమిషాల్లోనే వెదురు అడవిలో వెన్‌వు, తర్వాత షాంగ్-చీకి తల్లి అయ్యే యింగ్ లీ తలపడతారు. యింగ్ లీగా ఫాలా చెన్ వేసింది. అతనిది పిడికిలి, ఆమెది విప్పిన అరచెయ్యి. అతను బలంతో కొడితే ఆమె తాయ్‌చీ పద్ధతిలో ఆ బలాన్నే పక్కకి మళ్ళిస్తుంది. ఆకులు వాళ్ళ చుట్టూ సుళ్ళు తిరుగుతాయి. అది పోట్లాటగా మొదలై పెళ్ళిచూపులుగా ముగుస్తుంది. వెయ్యేళ్ళుగా ఎవరి చేతిలోనూ ఓడనివాడు ఓడిపోతూ నవ్వుతాడు, ఆ నవ్వు చూడండి. తర్వాత చాలాసేపటికి పిన్నిగా మిషెల్ యో వచ్చి, షాంగ్-చీ బిగించిన పిడికిలిని తన చేత్తో మెల్లగా విప్పుతుంది. కథ మొత్తం ఆ రెండు చేతుల మధ్యే ఉంది: నాన్న పిడికిలి, అమ్మ అరచెయ్యి.

బస్సు ఫైట్ గురించి అందరూ మాట్లాడతారు, నేనూ మాట్లాడాలి. శాన్‌ఫ్రాన్సిస్కోలో కొండ మీంచి దిగే రోడ్డు, జనంతో నిండిన పొడుగు బస్సు. హీరో అక్కడ ఒక హోటల్ దగ్గర కార్లు పార్క్ చేసే ఉద్యోగి. అమ్మ ఇచ్చిన లాకెట్ ఇమ్మని రౌడీలు చుట్టుముడితే, నాకు గొడవలొద్దండి అనే అంటాడు ముందు. ఆ తర్వాత చెయ్యి లేస్తుంది. జాకెట్‌ని ఒంటి మీంచి జార్చుకుంటూనే దాన్ని ఆయుధంగా వాడతాడు, కడ్డీల చుట్టూ తిరుగుతాడు, కిటికీలోంచి బయటికెళ్ళి లోపలికొస్తాడు. బ్రేకులు పోతాయి, డ్రైవర్ స్పృహ తప్పుతాడు, కేటీ స్టీరింగ్ పట్టుకుంటుంది. దొరికిన ప్రతి వస్తువునీ వాడుకునే ఈ హాంకాంగ్ పద్ధతి వెనక బ్రాడ్ ఆలన్ అనే స్టంట్ మాస్టర్ ఉన్నాడు. ఆస్ట్రేలియావాడు, జాకీ చాన్ దగ్గర పనిచేసినవాడు. సినిమా విడుదలకి నెలలోపే, 2021 ఆగస్టు 7న, 48 ఏళ్ళకే చనిపోయాడు. సినిమాని ఆయనకే అంకితమిచ్చారు. చివర్లో పేరు పడినప్పుడు సీట్లోంచి లేవకండి, దయచేసి.

ఆ బస్సు సీనుకి ఆ సంవత్సరం ఇంకో బరువు కూడా ఉంది. 2021 మార్చి 16న అట్లాంటాలో కాల్పుల్లో ఎనిమిదిమంది చనిపోతే అందులో ఆరుగురు ఆసియా మూలాలున్న ఆడవాళ్ళు. కరోనా పేరు చెప్పి ముసలివాళ్ళని రోడ్ల మీద తోసేసిన రోజులవి. నాలుగేళ్ళ ముందే, 2017 ఫిబ్రవరిలో, కాన్సస్‌లోని ఓలేతాలో మా దేశం నుంచి పొమ్మని అరుస్తూ మన హైదరాబాద్ నుంచి వెళ్ళిన ఇంజినీర్‌ని కాల్చి చంపారు. ఆ వారమంతా మేము అక్కడ బయట తెలుగులో ఫోన్ మాట్లాడటానికి భయపడ్డాం. కాబట్టి ఒక ఆసియా కుర్రాడు బస్సులో తలెత్తి నిలబడితే, పక్క సీట్లో ఆ మనవడు ఎందుకు చప్పట్లు కొట్టాడో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

హీరో సీము లియూ చైనాలోని హార్బిన్‌లో పుట్టి, చిన్నప్పుడే కెనడా వెళ్ళి పెరిగాడు. అకౌంటెంట్ ఉద్యోగం 2012లో పోయాకే నటన వైపు వచ్చాడు. 2014లో ట్విటర్‌లో మార్వెల్‌నే అడిగాడు, ఆసియన్ అమెరికన్ హీరో సంగతేంటని. 2018లో మళ్ళీ అడిగాడు. 2019 జూలైలో శాన్ డియెగోలో స్టేజీ ఎక్కించి ఇతనే షాంగ్-చీ అని ప్రకటించారు. విడుదలకి ముందు మార్వెల్ సొంతదారు డిస్నీ కంపెనీ అప్పటి పెద్దాయనే ఈ రిలీజ్‌ని ఒక ప్రయోగం అన్నాడు. థియేటర్లలో మాత్రమే నలభై అయిదు రోజులు ఆడించడం గురించి అన్నాడాయన. మేం ప్రయోగం కాదు అని సీము బహిరంగంగా జవాబిచ్చాడు. అమెరికాలో లేబర్ డే సెలవుల నాలుగు రోజుల్లోనే 9 కోట్ల 40 లక్షల డాలర్లు దాటింది, ఆ సెలవులకి అప్పటికి అదే రికార్డు. ప్రపంచం మొత్తం మీద దాదాపు 43 కోట్ల డాలర్లు వచ్చాయి. చైనాలో మాత్రం విడుదలే కాలేదు.

అన్నీ బాగున్నాయని చెప్పను. ఆఖరి అరగంట డ్రాగన్లు, కంప్యూటర్ బొమ్మల హోరులో తండ్రీకొడుకుల బాధ మునిగిపోయింది. ఆ ఇద్దరినీ ఒక ఖాళీ గదిలో వదిలేసి ఉంటే ఇంకా బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. చెల్లెలు షాలింగ్ కథకి ఇంకా చోటు ఇవ్వాల్సింది. తండ్రి ఆడపిల్లకి విద్య నేర్పనంటే మగపిల్లలు నేర్చుకుంటుంటే చూసి చూసి తనంతట తనే నేర్చుకున్న పిల్ల ఆమె. ఆ వేషం వేసిన మెంగర్ జాంగ్‌కి ఇదే మొదటి సినిమా అంటే నమ్మబుద్ధి కాదు. 'ఆసియా' అన్నప్పుడు మన వైపు ఆసియా అందులో లేదన్నదీ నిజమే. బెన్ కింగ్‌స్లీ ఉన్నాడు, ఆయన తండ్రి గుజరాతీ మూలాలవాడు, కానీ ఇందులో వేసింది ఇంగ్లీషు నటుడి పాత్ర. మనకి దగ్గరి ముఖమే కథానాయికగా కనిపించడానికి 2022లో 'మిస్ మార్వెల్' సిరీస్‌లో పాకిస్తానీ అమెరికన్ పిల్ల కమలా ఖాన్ వచ్చేదాకా ఆగాల్సొచ్చింది.

సరే, లైట్లు తీసేయమని ఆపరేటర్ గారు సైగ చేస్తున్నారు. ఇంకొక్క మాట చెప్పి కూర్చుంటాను.

మొదట్లో కేటీ వాళ్ళింట్లో పొద్దున్న టిఫిన్ సీను వస్తుంది. చిన్న సీను. అందులో అమ్మమ్మ ఉంటుంది. ఇద్దరూ పెళ్ళెప్పుడు చేసుకుంటారని అడుగుతుంది. పోయిన తాతగారి సమాధి దగ్గరికి ఆయనకిష్టమైన విస్కీ, సిగరెట్లు పట్టుకెళ్ళాలని ఎదురుచూస్తుంటుంది. ఆయన పోయారు కదా, ఇక అలవాటు పడాలి అన్నట్టు కూతురంటే, అలా ముందుకెళ్ళిపోవడం అమెరికావాళ్ళ ఆలోచన అంటుంది. మా ఇంట్లో తద్దినం రోజు తాతయ్యకిష్టమని గారెలు రెండెక్కువ వేసేది మా నాయనమ్మ, నాకు ఆవిడే కనిపించింది.

ఆ అమ్మమ్మ వేషం వేసిన నటి పేరు త్సాయ్ చిన్. పెకింగ్ ఒపెరా అనే చైనా సంగీత నాటకాల్లో మహానటుడు జౌ షిన్‌ఫాంగ్ కూతురు. 1965 నుంచి 69 వరకూ వరసగా అయిదు ఫూ మాంచు సినిమాలొచ్చాయి. ముఖానికి రంగు పూసుకుని ఫూ మాంచుగా వేసింది క్రిస్టఫర్ లీ. ఆ అయిదింటిలోనూ అతని కూతురిగా వేసింది ఈవిడే. అప్పట్లో చైనా ఆడపిల్లకి దొరికిన వేషాలు అవీ. యాభై ఏళ్ళు దాటాక, ఎనభైల వయసులో, ఈవిడ ఒక వంటింటి బల్ల దగ్గర కూర్చుని మనవరాలిని కసురుకుంటూ టిఫిన్ తింటోంది.

ఆవిడ వచ్చేది రెండు నిమిషాలే. రెప్ప వెయ్యకుండా చూడండి.