కొట్టుకూ ఇంటికీ మధ్య తలుపు

వర్తక సంఘం పెద్దలకు, కొత్తగా కొట్టు పెట్టుకున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం.

తెనాలిలో మా నాన్నది పచారీ కొట్టు. ముందు చిన్న గది, వెనక మా ఇల్లు, మధ్యలో ఒకటే తలుపు. ఆ తలుపు వల్లే మేం పైకొచ్చాం. ఆ తలుపు వల్లే ఒకసారి మునిగాం కూడా. ఈ రోజు దాని గురించే చెప్తాను.

పైకొచ్చిన సంగతి ముందు. నాన్న విజయవాడ వన్‌టౌన్ నుంచి కందిపప్పు తెచ్చేవారు. పసుపు కొమ్ములు మాత్రం దుగ్గిరాల నుంచే రావాలి. బస్తా విప్పగానే ఇంటికి కావలసిన పప్పు అమ్మ చేటలో పోసుకుని వసారాలో కూర్చునేది. రెండుసార్లు చెరిగి, తర్వాత పప్పును వేళ్లతో పలచగా పరుస్తూ మట్టిబెడ్డలు, పుచ్చు గింజలు ఏరేది. ఒకరోజు సరుకుల కోసం వచ్చిన టీచరమ్మగారు తలుపులోంచి అది చూసి, "రూపాయి ఎక్కువైనా సరే, నాకు ఆ చేటలో పప్పే ఇవ్వండి" అన్నారు.

అప్పటి నుంచి కొట్టులో పప్పంతా అమ్మ చేతుల మీదుగానే వెళ్లింది. అరకిలో, కిలో కవర్లు కట్టేవాళ్లం. హాక్సా బ్లేడు మీద కవరు అంచు మడిచి కొవ్వొత్తి మంటకు చూపిస్తే అతుక్కునేది. కాస్త ఆలస్యమైతే కాలి చిల్లు పడేది. స్కూలు నుంచి రాగానే నా పని అదే. మన ఇంట్లో వండుకోనిది మన కొట్టులో అమ్మకూడదన్నది మాకు ఎవరూ రాసి ఇచ్చిన సూత్రం కాదు. ఆ చేటలోంచి వచ్చింది. పక్క వీధుల వాళ్లు కూడా మాకు వాడుకయ్యారు.

ఇక మునిగిన సంగతి. అదే తలుపులోంచి గల్లాపెట్టె డబ్బు ఇంట్లోకి వచ్చేది. పాల బిల్లు, మందులు, చీటీ డబ్బులు, ఏదైనా సరే గల్లాలో చెయ్యి పెట్టడమే. ఎంత తీశామో ఎవరూ రాయలేదు. చివరికి నా పెళ్లి వచ్చింది. సరుకు కొనాల్సిన డబ్బు కల్యాణమండపానికీ, బంగారానికీ వెళ్లిపోయింది. పెళ్లయిన నెలకు నేను కొట్టుకు వెళ్లి చూస్తే, నాన్న అరల్లో డబ్బాలన్నీ ముందు వరసకు జరిపి పేర్చారు. వెనకంతా ఖాళీ. హోల్‌సేల్ షాపు వాళ్లు అరువు ఆపేశారు. నెల సరుకుల చీటీలో ఇరవై రకాలు రాసుకొచ్చిన మనిషికి పదకొండు రకాలు ఇచ్చి పంపితే, ఆ మనిషి మళ్లీ నెల ఎందుకొస్తాడు?

అప్పుడు లెక్కలు పట్టుకుని కూర్చున్నాను. ఇది జాగ్రత్తగా వినండి. రోజుకు 10,000 రూపాయల అమ్మకం ఉందనుకోండి. రాత్రి గల్లాలో ఆ మొత్తం కళ్లకు కనిపిస్తుంది. 100 రూపాయల అమ్మకంలో మనకు మిగిలేది 8 రూపాయలైతే, అందులో మనది 800. అద్దె, కరెంటు, కుర్రాడి జీతం ఇంకా తియ్యలేదు. మిగతా 9,200 రేపటి సరుకు. దాంట్లోంచి 2,000 ఇంటికి తీస్తే మనం లాభం తినడం లేదు, కొట్టును తింటున్నాం.

రెండు పుస్తకాలు పెట్టాను, ఇంటికొకటి, కొట్టుకొకటి. నాన్నకు నెల జీతం అన్నాను. "నా కొట్టులో నాకు జీతమేంటమ్మా" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో నెలకు అలవాటైంది. ఏడాదిన్నరకు అరలు వెనక దాకా నిండాయి.

కుటుంబ వ్యాపారం అనగానే వాల్‌మార్ట్ పెట్టిన శామ్ వాల్టన్ గుర్తొస్తాడు. ఆయన 1945లో అమెరికాలోని న్యూపోర్ట్ అనే చిన్న ఊళ్లో మామగారి దగ్గర అప్పు తీసుకుని ఒక కొట్టు కొన్నాడు. బాగా నడిపాడు. కానీ బిల్డింగు అద్దెది, లీజు కాగితంలో పొడిగింపు మాట రాయించుకోలేదు. 1950కల్లా బిల్డింగు ఓనరు తన కొడుకు కోసం దాన్ని తీసుకున్నాడు. అద్దె కొట్లలో ఉన్నవాళ్లు ఈ రాత్రే మీ అగ్రిమెంటు తీసి చదవండి. ఇంకో సంగతి నాకు మరీ ఇష్టం. మామగారి సలహా మీద 1953లోనే ఆయన వ్యాపారంలో నలుగురు పిల్లలకూ వాటాలు కాగితం మీద పెట్టేశాడు. అప్పటికి మొదటి వాల్‌మార్ట్ తెరవడానికి ఇంకా తొమ్మిదేళ్లుంది. పెద్దబ్బాయికి తొమ్మిదేళ్లు కూడా దాటలేదు.

మనం ఆస్తి పెరిగాక, మాటలు తగ్గాక పంచుకుంటాం. మా కొట్టు కాగితాల్లో అమ్మ పేరు ఎక్కడా లేదు. ఎన్నో ఏళ్లు పప్పు ఏరిన మనిషి లెక్కల్లో పని చెయ్యనట్టే. పక్క గది కలుపుకుని సూపర్‌మార్కెట్ చేసినప్పుడు పార్ట్‌నర్‌షిప్ దస్తావేజు రాయించి అమ్మను, నన్ను, తమ్ముడిని భాగస్తులుగా చేర్పించాను. పనిచేసే భాగస్తులకు ఎంత జీతమో అందులోనే రాయించుకోవచ్చు. ఆడపిల్లకు వ్యాపారంలో వాటా ఏమిటని అడిగినవాళ్లున్నారు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1986లోనే చట్టమైంది, దేశమంతటికీ 2005లో వచ్చింది. మనం వెనకబడాల్సిన పని లేదు. సంతకం పెట్టిన రోజు అమ్మ తన పేరు మూడుసార్లు వేలు పెట్టి చదువుకుంది.

ఇప్పుడు కొత్తగా పెట్టినవాళ్లకు ఒక మాట. ఆ తలుపు మీ ఫోన్లలోకి వచ్చింది. కౌంటరు మీద క్యూఆర్ కోడ్ మీ సొంత ఖాతాదైతే, కొట్టు డబ్బూ ఈఎంఐలూ సినిమా టికెట్లూ అన్నీ ఒక్కచోటే కలిసిపోతాయి. రేపు బ్యాంకుకు వెళ్లి కొట్టు పేరు మీద కరెంట్ ఖాతా తెరవండి, కోడ్ మార్చండి.

నేను మొదట రాసిన ఆ రెండు పుస్తకాలు ఇవాళ వెంట తెచ్చాను. ఎలా రాయాలో తెలియనివాళ్లు సభ అయ్యాక వచ్చి చూడండి, కూర్చుని చెప్తాను. అరువు ఖాతాల పేజీలకు మాత్రం క్లిప్పులు పెట్టాను. అవి మా వాడుకదార్ల పేర్లు, వాటిని తియ్యకండి.