ముందు ఏం అడుగుతున్నాం

వింటున్న అమ్మలకి, అక్కలకి, అన్నలకి అందరికీ వందనాలండి. రెండో పంట దాళ్వా వరి కోతలు అయిపోయి కాలవలు కట్టేసిన రోజులు కదా, పనులు కాస్త తగ్గుంటాయి, ఓ ఐదు నిమిషాలు కూర్చుని వినండి.

మా చర్చి సంఘంలో ఆదివారం ప్రార్థన విన్నపాల చీటీలు చదివే పని నాది. చాలా ఏళ్ల నుంచి చదువుతున్నా. కువైట్ వీసా రావాలని, రొయ్యకి మంచి కౌంటు, అంటే కిలోకి ఎన్ని తూగుతాయన్న లెక్క, రావాలని, రేటు పడిపోకూడదని, పిల్లాడికి ఉద్యోగం రావాలని, సైటు రిజిస్ట్రేషన్ అయిపోవాలని... ఇవన్నీ అడగొచ్చు, తప్పేం లేదు, తండ్రిని కాక ఎవర్ని అడుగుతాం. కానీ ప్రభువా నాకు జ్ఞానం ఇయ్యి అని రాసిన చీటీ ఇన్నేళ్లలో ఒక్కటి కూడా నా చేతికి రాలేదండి, నేను రాసుకున్న వాటిల్లోనూ లేదు, అదే నన్ను తొలిచేస్తా ఉంటది.

సొలొమోను రాజు సంగతి మీకు తెలిసిందే, బైబిల్లో మొదటి రాజుల గ్రంథం 3వ అధ్యాయం. గిబియోనులో దేవుడు కలలో కనపడి నీకేం కావాలో అడుగు అన్నాడు. ఎక్కువ ఆయుష్షు అడగలేదు, డబ్బు అడగలేదు, శత్రువుల ప్రాణం అడగలేదు, ఈ జనానికి న్యాయం తీర్చడానికి వివేకం గల హృదయం ఇమ్మన్నాడు. హీబ్రూలో ఆ మాటకి వినే హృదయం అని అర్థమంట. జ్ఞానం అంటే మనం చదువు, తెలివితేటలు, బేరం బాగా ఆడ్డం అనుకుంటాం, ఆయన మాత్రం ఎదుటోడి మాట వినే మనసు అడిగాడు, అదీ తన కోసం కాదు, తన చేతికింద ఉన్న జనం కోసం.

మన డెల్టా వాళ్లకి ఇది అర్థం కావాలంటే ధవళేశ్వరం దాకా వెళ్తే చాలు. 1830ల్లో కరువొచ్చినప్పుడు గోదారి పక్కనుంచే పారతా సముద్రంలో కలిసిపోతా ఉంటే ఒడ్డునున్న జనం తిండి లేక చచ్చిపోయారు. 1847లో కాటన్ దొర ఆనకట్ట మొదలెట్టి 1852కల్లా పూర్తి చేశారు, ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, నాలుగు పాయల మీదా. ఆయన కూడా భక్తి గల విశ్వాసే. ఆ ఆనకట్ట కొత్తగా ఒక్క చుక్క నీరు పుట్టించలేదు కదా, ఉన్న నీటినే ఆపి కాలవల్లోకి మళ్లించింది. డబ్బు సంగతీ అంతే అనిపిస్తది నాకు, ఎంత పారిందన్నది కాదు, ఎవరి చేను తడిపింది, ఎవరి చేను ముంచింది అని చూడాలి.

ముంచింది నేనే, చెప్పేస్తాను. మా రెండెకరాలు రొయ్యల చెరువుకి లీజుకిచ్చాను, వరి కౌలుకి మూడు రెట్లు ఇస్తామన్నారు, అప్పులున్నాయి, సంతకం పెట్టేశాను. పక్క చేను బాబాయ్ ముందే వచ్చి "అబ్బాయ్, ఉప్పు నీరు ఊట దిగుతుంది, నా వరి పోద్ది, ఓసారి ఆలోచించు" అన్నారు, నేను విన్లేదు. మొదటి ఏడాది అప్పు తీరింది, చర్చిలో సాక్ష్యం కూడా చెప్పాను దేవుడు ఆశీర్వదించాడని. రెండో ఏడు బాబాయ్ గట్టు పక్క మళ్లు ఎర్రబడ్డాయి, కంకి తాలు పోయింది, ఆ తర్వాత వాళ్ల చేతిపంపు కూడా ఉప్పెక్కింది. అన్యాయంగా వచ్చిన పెద్ద రాబడి కన్నా నీతితో వచ్చిన కొంచెమే మేలు అని సామెతలు 16లో ఉంది, చిన్నప్పుడు సండే స్కూల్లో అప్పజెప్పి మార్కులు కూడా తెచ్చుకున్నాను, అప్పుడు మాత్రం ఒక్క ముక్క గుర్తుకు రాలేదండి.

ఇంకోటి, ఒకసారి జ్ఞానం వచ్చింది కదా అని ఊరుకోవడానికీ లేదు. అంత బాగా అడిగిన సొలొమోనుకే తర్వాత ఒక్క ఏడాదిలో 666 తలాంతుల (అప్పటి పెద్ద తూకం) బంగారం వచ్చిందని రాసుంది, రాజు బంగారం విస్తారంగా కూడబెట్టకూడదని ద్వితీయోపదేశకాండం 17లో ముందే ఉన్నా సరే. ముసలితనంలో ఆయన మనసే పక్కకి తిరిగిపోయింది. అందుకే రోజూ అడగాలి. యాకోబు పత్రిక మొదటి అధ్యాయంలో ఓ మాట నాకు చాలా ఇష్టం, జ్ఞానం తక్కువైనోడు అడిగితే దేవుడు గద్దించకుండా ఇస్తాడంట. ఇంత చేశాక ఏ మొహం పెట్టుకుని అడగను అనుకునేవాణ్ణి, గద్దించకుండా అన్న ఆ ఒక్క మాట పట్టుకునే మళ్లీ మోకాళ్లేశాను.

ఈ వేసవిలో లీజు అయిపోయింది. ఇంకా ఎక్కువిస్తాం, అడ్వాన్స్ ఇప్పుడే తీసుకోమని వాళ్లు మళ్లీ వచ్చారు. వారం టైమ్ అడిగాను. ఆ సాయంత్రం నేనూ మా ఆవిడా ప్రార్థన చేసుకుని బాబాయ్ ఇంటికి వెళ్లాం, ఏం చెయ్యమంటారు బాబాయ్ అని అడగడానికి. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. పిన్ని లోపల్నుంచి ఇద్దరికీ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది, కొనుక్కున్న టిన్ను నీళ్లు.