పాత ఇంటికి వెళ్లిన ఉత్తరం

శ్రోతలకు నమస్కారం.

బ్రిటన్‌లో కారు నడిపే మనవారి కోసం, త్వరలో ఇక్కడికి రాబోయే పిల్లలున్న ఇళ్ల కోసం ఈ ప్రసంగం. అతివేగం గురించి, తప్పు చేస్తే లైసెన్సు మీద పడే పెనాల్టీ పాయింట్ల గురించి, వాటి వెనుకే పెరిగే కారు బీమా గురించి మాట్లాడతాను. కానీ నా మనసంతా ఒక ఉత్తరం మీదే ఉంది. ముందు దాని సంగతి చెబుతాను.

మా అక్క కొడుకు విజయవాడలో పద్నాలుగేళ్లు కారు నడిపాడు. సాయంత్రం వేళ బెంజి సర్కిల్ రద్దీలోంచి కారుకు గీత పడకుండా బయటకు తెచ్చే చెయ్యి వాడిది. ఉద్యోగం మీద ఇంగ్లండ్‌లోని రెడింగ్ ఊరికి వచ్చాడు. మన దేశపు లైసెన్సుతో ఇక్కడ పన్నెండు నెలలు నడపవచ్చు. ఆ తర్వాత ఇక్కడి రాత పరీక్ష రాయాలి, పరీక్షాధికారిని పక్కన కూర్చోబెట్టుకుని నడిపి చూపించాలి. రెండూ పాసై, మిఠాయి డబ్బాతో మా ఇంటికి వచ్చాడు.

అయితే ఆ పద్నాలుగేళ్లు ఇక్కడి చట్టం లెక్కలోకి రావు. పరీక్ష పాసైన రోజు నుంచి రెండేళ్ల పాటు ఎవరైనా కొత్త డ్రైవరే. 1995 నాటి చట్టం అది. ఆ రెండేళ్లలో ఆరు పాయింట్లు చేరితే లైసెన్సు రద్దవుతుంది. పాతవారికి మూడేళ్లలో పన్నెండు పాయింట్లు చేరితే కోర్టు మామూలుగా ఆరు నెలలు నడపవద్దంటుంది. కొత్తవారికి ఆరు. ఆరే.

పరీక్ష పాసైన పదమూడో నెలలో, ముప్పై మైళ్ల పరిమితి ఉన్న రోడ్డు మీద మావాడు ముప్పై ఎనిమిదిలో వెళ్లాడు. మన లెక్కలో గంటకు అరవై ఒక్క కిలోమీటర్లు. విజయవాడ నుంచి వచ్చినవాడికి అది వేగమనే తోచలేదు. వాడిని ఎవరూ ఆపలేదు. కెమెరా ఫోటో తీసుకుంది, అంతే.

పోలీసులు రోడ్డు పక్కన ఆపితే మనకు గుండె దడ పుడుతుంది, పక్కన వెళ్లేవారు చూస్తున్నారని తల వంచుకుంటాం. నన్నడిగితే అలా ఆపడమే మేలు. ఏం జరిగిందో, ఏం జరగబోతోందో అప్పుడే చెప్పేస్తారు. కెమెరా ఏమీ చెప్పదు. ఆ వాహనం ఎవరి పేరున నమోదై ఉందో వారికి పద్నాలుగు రోజుల్లోగా ఉత్తరం వస్తుంది. ఆ సమయంలో ఎవరు నడిపారో ఇరవై ఎనిమిది రోజుల్లోగా రాసి పంపమని అందులో అడుగుతారు.

మావాడికీ ఉత్తరం వచ్చింది. పాత ఇంటికి వచ్చింది.

అప్పటికి రెండు నెలల ముందే వాడు ఇల్లు మారాడు. బ్యాంకుకు చెప్పాడు, ఆఫీసుకు చెప్పాడు, పిల్లల బడికి చెప్పాడు. లైసెన్సులు, వాహనాల నమోదు చూసే స్వాన్సీలోని ప్రభుత్వ సంస్థ డీవీఎల్‌ఏకు మాత్రం చెప్పలేదు. మన ఆర్‌సీ లాంటి కారు లాగ్‌బుక్‌లో పాత చిరునామా, లైసెన్సు మీదా పాత చిరునామాయే. మొదటి ఉత్తరం పాత ఇంటికి వెళ్లింది. గుర్తు చేస్తూ రాసిన ఉత్తరం పాత ఇంటికి వెళ్లింది. కోర్టు కాగితమూ పాత ఇంటికే వెళ్లింది. అక్కడ కొత్తగా చేరిన దంపతులు పాపం, ఒక్కటీ పారేయకుండా సంచిలో దాచి, ఇంటి యజమాని ద్వారా ఫోను నంబరు సంపాదించి పిలిచారు. ఆ రాత్రి మా భోజనాల బల్ల మీద సంచి కుమ్మరించి, తేదీల వారీగా పేర్చుకుంటూ కూర్చున్నాం. ఒక్కొక్క కవరు తెరుస్తుంటే వాడి ముఖంలో రక్తం లేదు.

ఎవరు నడిపారో చెప్పనందుకు ఎంఎస్90 అనే కోడ్‌తో ఆరు పాయింట్లు పడ్డాయి. జరిమానా, ఖర్చులు కలిపి వెయ్యి పౌండ్లు దాటింది. ఆరు పాయింట్లు పడ్డాయి కనుక లైసెన్సు రద్దయిందని చివరి కవరు చెప్పింది. ఆ రద్దు తేదీ కూడా దాటిపోయింది. అంటే లైసెన్సు లేదని తెలియకుండానే, ఇద్దరు పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని వాడు కారు నడుపుతున్నాడు. ఆ మాట ఇప్పుడు చెబుతున్నా నాకు ఒళ్లు జలదరిస్తుంది. సలహా కోసం న్యాయవాది దగ్గరికి వెళ్లాం. కేసు సంగతే తెలియదని ప్రమాణం చేస్తే తిరిగి తెరిపించవచ్చు గానీ, చిరునామా మార్చకపోవడం మీ వైపు తప్పే, అది గట్టిగా నిలబడదని ఆయన చెప్పారు.

నాకు నిద్ర పట్టనివ్వనిది ఏమిటంటే, ముప్పై మైళ్ల రోడ్డులో ముప్పై ఎనిమిదంటే పోలీసులు సాధారణంగా పాయింట్లకు బదులు అతివేగం మీద పాఠానికి పంపే వేగం. సుమారు మూడు గంటల తరగతి. అంతకు ముందు మూడేళ్లలో ఆ తరగతికి వెళ్లి ఉండకూడదు, అంతే. కూర్చుని శ్రద్ధగా వింటే పాయింట్లు ఉండవు. తరగతి దొరక్కపోయినా అతివేగానికి వేసే ఎస్‌పీ30 కోడ్‌తో వంద పౌండ్లు, మూడు పాయింట్లతో పోయేది. వేగానికి మూడు. మౌనానికి ఆరు.

నేను కూడా కొన్నేళ్ల కిందట ఆ తరగతికి వెళ్లాను. అక్కడ విన్న ఒక్క సంగతి అప్పటి నుంచి నాతో ఉండిపోయింది. ఇంగ్లండ్‌లో వరుసగా వీధి దీపాలున్న రోడ్డు మీద వేరే బోర్డు లేకపోతే పరిమితి ముప్పై మైళ్లు. ఇక ముప్పై బోర్డు కోసం వెతకనక్కర్లేదు, దీపస్తంభాలే బోర్డు. వేల్స్‌లో అలాంటి రోడ్లకు 2023 సెప్టెంబరు 17 నుంచి ఇరవై చేశారు. సరిహద్దు దాటి కార్డిఫ్‌లో చుట్టాలింటికి వెళ్లేవారు గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు బీమా. మన ఊళ్లలో చలానా వస్తే కట్టేస్తాం, దానికీ బీమాకూ సంబంధం ఉండదు. క్లెయిము చేస్తేనే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. 2017లో తెలంగాణలో పాయింట్ల పద్ధతి తెచ్చారు. 2021లో మన బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వేసిన బృందం ట్రాఫిక్ ఉల్లంఘనలను బీమా ప్రీమియంతో ముడిపెట్టాలని ప్రతిపాదించింది. అయినా మనకు ఆ అలవాటు లేదు. ఇక్కడ అలా కాదు. సాధారణంగా బీమా కంపెనీ గత ఐదేళ్లలో శిక్షలేమైనా ఉన్నాయా అని అడుగుతుంది. ఎస్‌పీ30 లైసెన్సు మీద నాలుగేళ్లు కనిపిస్తుంది, బీమా వారి ప్రశ్న ఐదేళ్లు వెనక్కి వెళ్తుంది. లైసెన్సు మీద చెరిగిపోయింది కదా అని ఐదో ఏట లేదని చెబితే అది అబద్ధమవుతుంది. లైసెన్సు నంబరు ఇస్తే డీవీఎల్‌ఏ రికార్డు వారికి నేరుగా కనిపించే ఏర్పాటు కూడా ఉంది.

మూడు పాయింట్లకు ప్రీమియం కొంత పెరుగుతుంది, కట్టుకోగలం. తెలిసి అబద్ధం చెబితే పాలసీయే చెల్లదనవచ్చు. అప్పుడు బీమా లేకుండా నడిపినట్టు. దానికి మరో ఆరు పాయింట్లు, మూడు వందల పౌండ్లు. ఆ పైన జీవితాంతం ప్రతి కంపెనీ అడుగుతుంది, మీ పాలసీ ఎప్పుడైనా రద్దయిందా అని.

మన ఇళ్లలో ఎవరు నడిపారని అడిగే ఆ ఉత్తరం సంగతి వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు అంటారు: మీ ఆవిడ పేరు రాసేయవచ్చు కదా. క్రిస్ హ్యూన్ అనే ఇక్కడి రాజకీయ నాయకుడు 2003లో అదే చేశారు. ఆయన పాయింట్లను అప్పటి భార్య విక్కీ ప్రైస్ తన మీద వేసుకున్నారు. తర్వాత ఆయన మంత్రి అయ్యారు, 2011లో సంగతి బయటికి పొక్కింది. 2013 మార్చిలో ఇద్దరికీ ఎనిమిదేసి నెలల జైలు. కాపాడుకుందామనుకున్న లైసెన్సు కూడా ఆ 2003లోనే నడుపుతూ ఫోను వాడినందుకు పోయింది. ఎవరైనా మీ ఇంట్లో ఆ సలహా ఇస్తే దయచేసి అక్కడే ఆపండి.

అందుకని ఇవాళ నేను అడిగేది ఒక్కటే. ఈ ప్రసంగం అయ్యాక లేచి, ఇంట్లో కారు లాగ్‌బుక్ ఎక్కడుందో తీయండి. దాని మీది చిరునామా చదవండి. తర్వాత లైసెన్సు తీసి అదీ చదవండి. రెండూ ఇప్పుడు మీరున్న ఇల్లేనా? కాకపోతే ఈ రాత్రికే మార్చండి, ఆన్‌లైన్‌లో చేస్తే డబ్బు కూడా కట్టనక్కర్లేదు. మార్చకపోవడానికి మాత్రం వెయ్యి పౌండ్ల దాకా జరిమానా ఉంది.

మా అక్క కొడుకు మళ్లీ మొదటికి వచ్చాడు. కారుకు ముందూ వెనకా ఎర్రటి ‘ఎల్’ అట్టలు. రాత పరీక్ష మళ్లీ రాశాడు, రోడ్డు పరీక్ష ఇంకా ఉంది. ఆదివారాలు నేను పక్కన కూర్చుంటున్నాను. మొన్న ఒక కొత్త వీధిలోకి తిరిగాం, కనుచూపు మేరలో బోర్డు లేదు.

“ఇక్కడ ఎంత?” అని అడిగాను.

వాడు దీపస్తంభాల వంక చూశాడు. “ముప్పై, పిన్నీ” అని చెప్పి, ఇరవై ఎనిమిదిలో పోనిచ్చాడు.