పాత లారీకి పెర్కిన్స్ ఎందుకెక్కింది

(జయపురంలో విశ్వకర్మ పూజ నాడు మోటారు మెకానిక్కుల సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదవమని కాగితం ఇచ్చారు. కళ్లజోడు షెడ్డులో మరచిపోయాను, పెద్దలు మన్నించాలి. ఒడియా మిత్రులు కూడా వచ్చారు. ఒకే గ్రీజు డబ్బాలో చేతులు పెట్టినవాళ్లం, భాష మనకు అడ్డం కాదు.

పాత మిలటరీ బండ్ల గురించి పది నిమిషాలు చెప్పమన్నారు. జర్మనీ మాన్ కంపెనీ లైసెన్సుతో జబల్‌పూర్‌లో తయారైన శక్తిమాన్ గురించి చెబుదామనే వచ్చాను. కానీ పోయిన నెల జరిగిన సంగతొకటి గొంతులో అడ్డం పడి ఉంది. అది కక్కకుండా శక్తిమాన్ దాకా వెళ్లలేను.

మా గురువుగారు నడిపించిన షెవర్లే లారీని ఎక్కడి నుంచో వచ్చిన ఒకాయన కొన్నాడు. కొన్న వారానికే అందులోని పెర్కిన్స్ డీజిల్ ఇంజన్ దింపించి, కిలోల లెక్కన పాత ఇనుము కొట్టుకు వేసేశాడు. ఇదేంటి బాబూ అంటే, "అది ఒరిజినల్ కాదు కదా మేస్త్రీ" అన్నాడు.

ఒరిజినల్ ఏమిటో చెబుతాను, వినండి. రెండో ప్రపంచ యుద్ధానికి కెనడా 8 లక్షలకు పైగా మిలటరీ బండ్లు చేసింది. మన దేశానికి వచ్చినవాటిలో ఎన్నో యుద్ధం అయ్యాక వేలంలో పోయాయి. ఈ లారీ ఆ జాతిదే. మూతి పొట్టి. ముందు అద్దం పైభాగం ముందుకు వాలి ఉంటుంది, ఎండ తళుకు పైనున్న విమానానికి కనిపించకూడదని. ఇంజన్ సగం క్యాబిన్‌లోనే ఉంటుంది, డ్రైవరు ఎడమ మోకాలు ఉడికిపోయేది. 216 ఘనపు అంగుళాల ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజన్. పిస్టన్‌ను కింద తిరిగే క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్‌కు ఇప్పట్లా మార్చుకునే బేరింగు ముక్కలు ఉండవు. వైట్ మెటల్ అనే మెత్తటి లోహం కరిగించి రాడ్‌లోనే పోసి, గుర్తుకు నీలం రంగు రాసి, ఎక్కడ అంటిందో చూసి గీకాలి. రాడ్ అడుగున గరిటెల్లాంటివి ఉంటాయి, అవి ఆయిలు తోడి చిమ్ముతాయి. చదును రోడ్డు మీద బంగారం లాంటి ఇంజన్. ఘాట్‌లో లోడుతో గంటలకొద్దీ గీపెట్టిస్తే వైట్ మెటల్ కరిగేది.

1970లో నాకు పదమూడేళ్లు. సాల్ దుంగలతో సాలూరు దిగుతున్నాం. సుంకి దగ్గర అడుగున దబదబ మొదలైంది. గురువుగారు ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకి చూశారు. నాలుగోది పీకగానే చప్పుడు తగ్గింది, అంటే జబ్బు ఆ సిలిండరు రాడ్‌లోనే. రాత్రి, చలి, ఒక్క లాంతరు. లారీ కింద పడుకుని ఆయిలు డబ్బాలోకి దింపి, ఇంజన్ అడుగున ఆయిలు తొట్టి, అదే సంపు, విప్పితే మెటల్ పలుకులు పలుకులుగా రాలింది. ఆయన కాసేపు ఊరుకుని, "ఒరే, నీ బెల్టు తియ్" అన్నారు. తోలు బెల్టు, మా అమ్మ పండక్కి కొన్నది. దాన్ని కొలత చూసి కోసి, ఆయిల్లో నానబెట్టి రాడ్‌లో చుట్టి బిగించారు. డబ్బాలో ఆయిలు గుడ్డలో వడగట్టి మళ్లీ పోశాం. తెల్లారేసరికి చిన్న గేరులో సాలూరు చేరాం. దారంతా నేను ఒక చేత్తో లాగు పట్టుకునే ఉన్నాను. నవ్వండి, పర్వాలేదు. ఆ బెల్టు బాకీ ఆయన తీర్చనే లేదు.

ఆ సంవత్సరమే పెర్కిన్స్ ఎక్కింది. హార్స్ పవర్ దగ్గర దగ్గరగా అంతే, కానీ అది తక్కువ తిరుగుళ్లలోనే వస్తుంది. చదునులో వేగం తగ్గింది, ఘాట్‌లో గేరు మార్చే పని తగ్గింది. డీజిలు ఇంజన్ బరువు కాబట్టి ముందు కమాన్ కట్టలకు, అంటే స్ప్రింగు పట్టీలకు, ఒక్కో ఆకు చేర్చారు. ఆరు వోల్టుల కరెంటుతో డీజిల్ ఇంజన్ తిరగదు, రెండు బ్యాటరీలు వరసగా కలిపి పన్నెండు చేశారు. అసలు కష్టం ఇంజన్నీ గేరుబాక్సునీ కలిపే ప్లేటు. దాని మధ్య రంధ్రం వెంట్రుకంత పక్కకు పోయినా క్లచ్ వణుకుతుంది, గేరుబాక్సు బేరింగు అరుస్తుంది. ఇప్పుడు పాత మిలటరీ జీపులు జోంగాలకు డీజిల్ ఎక్కిస్తున్న తమ్ముళ్లూ, మీకూ ఇదే చెబుతున్నాను. కంటితో కాదు, డయల్ గేజితో చూడండి.

2021లో వింటేజ్ బండ్లకు కేంద్రం నియమాలు పెట్టింది. యాభై ఏళ్లు దాటాలి, బండి అసలు రూపంలో ఉండాలి, పెద్ద మార్పులు ఉండకూడదు. వ్యాపారానికి తిరిగే బండ్లకు అవి వర్తించవు, కాబట్టి మా లారీది పుట్టుకతోనే పాపం! అయ్యా, ఆ లారీలో పెట్రోలు ఇంజన్ ఉన్నది పాతికేళ్లు, డీజిల్ ఉన్నది యాభై ఏళ్లు. మీరే లెక్క చెప్పండి. యుద్ధపు ఇంజన్ కావాలంటే పెట్టుకో, ఎవడు కాదన్నాడు? దింపినదాన్ని ఒక మూల ఉంచలేవా?

చీటీ వచ్చింది, టైమ్ అయిందట. శక్తిమాన్ వచ్చే ఏడు.

ఇనుము కొట్టుకు నేను వెళ్లేసరికి ఇంజన్ లేదు, గేరుబాక్సుకు కలిపిన ఈ ప్లేటు దొరికింది. తమ్ముళ్లిద్దరూ ఎత్తి ఆ బల్ల మీద పెట్టండి, బరువుంటుంది. అంచున ఒక రంధ్రం పూడ్చి, పక్కన ఇంకోటి వేసి ఉంది, చూశారా? పంచు తప్పు పెట్టింది నేను. గురువుగారు తిట్టలేదు, వెల్డింగుతో పూడ్చి ఇచ్చి, "మళ్లీ కొలువు" అన్నారు. దగ్గరికొచ్చి చూడండి. అంచు పదును, చెయ్యి జాగ్రత్త.