పెద్ద టైర్లు వేసినాక స్పీడోమీటర్ కాదన్నా, ఓడోమీటర్ చూడండి | థార్ రీకాలిబ్రేషన్ రివ్యూ | అనంతపురం

అందరికీ నమస్తే, బాగుండారా. అనంతపురం దాటి గుత్తి తట్టు ఎన్‌హెచ్ 44 పక్కన నిలబడుకోని మాట్లాడతా ఉండా, గాలి శబ్దం వస్తే రవ్వంత ఓర్చుకోండి. టైర్లు మార్చినప్పటి నుంచి ఫోన్ చేసినోళ్లందరిదీ ఒకటే ప్రశ్న, అన్నా పెద్ద టైర్లు వేసినాక మీటర్ కాలిబ్రేషన్, అంటే కొత్త టైరుకి తగినట్లు మీటర్ సరిచేసేది, చేయించాల్నా, ఊరికే ఖర్చా అని. చేయించాల. ఎందుకనేది మాత్రం శానామంది తప్పుగా చెప్తాండారు, అందుకే ఈ వీడియో.

నాది మహీంద్రా థార్ డీజిల్ మాన్యువల్. కంపెనీ టైరు 255/65 ఆర్18, ఇప్పుడు వేసినవి 285/70 ఆర్17, దాంతోపాటు లిఫ్ట్ కూడా చేయించినా, అంటే బండి ఎత్తు పెంచినా. పాత టైరు ఎత్తు సుమారు 789 మిల్లీమీటర్లు, కొత్తది 831, అంటే 5.3 శాతం పెద్దది. చక్రం ఒక్క చుట్టు తిరిగితే బండి మునుపటికన్నా అంత జాస్తి దూరం పోతాది కదా, మీటర్‌కి ఆ సంగతి తెలీదు, సెన్సర్ ఎన్ని చుట్లు లెక్కబెట్టిందో దాన్ని తీసుకోని పాత టైరు చుట్టుకొలతతోనే గుణిస్తాది.

ఇప్పుడు అసలు మోసం యాడుందో చూడండి. టైర్లు మార్చకముందే నేను ఫోన్‌లో జీపీఎస్ పెట్టి చూసుకున్నా, స్పీడోమీటర్ 80 చూపిస్తే జీపీఎస్ 77 చూపించింది. అది రిపేరు కాదు, నిజం స్పీడు కన్నా తక్కువ చూపించకూడదని కంపెనీలు కొంచెం ఎక్కువే చూపించేట్టు పెడతాయి. కొత్త టైర్లు వేసినాక అదే రోడ్డులో మీటర్ 80 దగ్గర పట్టుకుంటే జీపీఎస్ 81. చూసినోళ్లంతా ఏమంటారు, అబ్బా కరెక్ట్‌గా కూర్చుంది, ఇంక కాలిబ్రేషన్ ఎందుకు అంటారు. నేనూ అట్లే అనుకోని రెండు నెలలు తిరిగినా.

కానీ మొత్తం తిరిగిన దూరం లెక్కబెట్టే ఓడోమీటర్‌కి స్పీడోమీటర్‌కి పెట్టినట్లు ఆ ఎక్కువ పెట్టరు, అది ముందు నుంచీ దాదాపు కరెక్ట్‌గానే ఉంటాది, కాబట్టి టైరు ఎంత పెరిగితే దాంట్లో దూరం అంత తగ్గిపోతాది. ఈ రోడ్డు మీదనే కిలోమీటర్ రాళ్లు పట్టుకోని పామిడి మీదుగా 40 కిలోమీటర్లు లెక్కబెట్టినా, ఓడోమీటర్‌లో వచ్చింది 38. ఒకటి రెండు రాళ్లు చూసి తేల్చుకోవద్దండి, కనీసం ముప్పై నలభై కిలోమీటర్లు పోతే గానీ తేడా నమ్మకంగా తెలీదు. 10,000కి సర్వీస్ అని మీరు అనుకుంటాంటే బండి అప్పటికే 10,530 తిరిగేసి ఉంటాది, ఆయిల్ పాపం అంతసేపు పనిచేసింది. మైలేజ్ పడిపోయిందని ఏడ్చేదాంట్లో కూడా సగం ఇదే, నాకు ట్యాంక్ టు ట్యాంక్, అంటే ట్యాంక్ నిండా పట్టి మళ్లా నింపేదాకా లెక్కేస్తే, లీటరుకి 12.4 వచ్చింది, సరిచేసి లెక్కేస్తే 13 దాటింది.

ఇంట్లోనే ఇంకొక టెస్ట్ చేయొచ్చు. రోడ్డు మీద తిరిగే గాలి ఎంతో అంత పట్టి, సమంగా ఉండే సిమెంట్ రోడ్డు మీద నిలబెట్టి, టైరు కింద భాగంలో ఒక సుద్ద గీత, సరిగ్గా దాని కింద నేల మీద ఒక గీత. బండిని నేరుగా అయిదు చుట్లు తోసి టేపుతో కొలిచి అయిదుతో భాగించండి. బండి బరువుకి టైరు కింద అణుగుతాది కాబట్టి సైజు నుంచి వేసుకున్న లెక్క కన్నా ఇది కొంచెం తక్కువ వస్తాది, పాత టైరుకీ అట్లే కొంచెం తక్కువ వస్తాది, మనకి కావాల్సింది రెండిటికీ మధ్య తేడా. పాత టైర్లు అమ్మేసే ముందే కొలిచి పెట్టుకోండి, నేను ఆ తప్పు చేసి మళ్లా ఫ్రెండ్ బండి దగ్గరికి పోవాల్సొచ్చింది.

ఇంక పని. మొదట ఒక వర్క్‌షాప్‌లో అడిగితే కుదరదు పో అన్నారు. తర్వాత ఆఫ్‌రోడ్ బండ్లు చేసే మెకానిక్ అన్న దగ్గర మీటర్ వెనకాల సాకెట్‌లో పెట్టే కరెక్షన్ మాడ్యూల్ వేయించినా. బండి బండికీ మాడ్యూల్ వేరే, మీ మోడల్‌కి వస్తాదో లేదో రూఢి చేసుకోని కొనండి. దాంట్లో శాతం మనమే పెట్టాల, ఇక్కడ జాగ్రత్త: జీపీఎస్ స్పీడ్ చూసి పెడితే తప్పు పడతాది, ఓడోమీటర్ చూసి 5.3 పెట్టండి. పెట్టినాక మళ్లా అదే 40 కిలోమీటర్లు పోయినా, 40 వచ్చింది. స్పీడోమీటర్ 80 దగ్గర జీపీఎస్ మళ్లా 77కి వచ్చింది, కంపెనీ పెట్టినట్లే. నాకు చెప్పలేనంత సంతోషమైంది. పాత జీపుల్లో అయితే ఇంత గోల లేదు, స్పీడో కేబుల్ చివర ఉండే చిన్న పళ్లచక్రాన్ని తక్కువ పళ్లుండే దాంతో మారిస్తే సరిపోయేది.

మాడ్యూల్ సరిచేసేది మీటర్‌ని మాత్రమే, ఇది మనసులో పెట్టుకోండి. చక్రం దగ్గర లాగుడు 5 శాతం తగ్గింది, అది తగ్గినట్లే, గువ్వలచెరువు ఘాట్‌లో మునుపు మూడో గేర్‌లో ఎక్కేచోట ఇప్పుడు రెండో గేర్‌కి దిగాల్సొస్తాంది. అది తిరిగి రావాలంటే క్రౌన్ పీనియన్ (యాక్సిల్‌లో చక్రాల్ని తిప్పే గేర్ల జత) రేషియో మార్చాల, అది పెద్ద పని. బ్రేక్ కూడా కొంచెం గట్టిగా తొక్కాల. స్టెప్నీని మాత్రం మార్చకుండా వదలొద్దు, పాతది అట్లే పెట్టుకోని, పంక్చర్ అయినప్పుడు అది వేసి తారు రోడ్డు మీద ఫోర్ హైలో, అంటే నాలుగు చక్రాలకీ ఇంజిన్ బలం పోయేట్టు పెట్టి, పోతే ముందు యాక్సిల్ వెనక యాక్సిల్ ఒకదాన్నొకటి పీక్కుంటాయి, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు వెనక యాక్సిల్‌లకి బలం పంచే గేర్ పెట్టె) మీద భారం పడతాది. అయిదూ ఒకటే సైజు.

కాగితాల సంగతి కూడా చెప్పాల. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ఉంది, కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడాగా బండిని మార్చకూడదని, కాబట్టి టైర్లు కొనకముందే ఆర్టీఓ ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర అడిగేసుకోండి.

రేపు పొద్దున పామిడి దగ్గర పెన్న ఇసకలో గాలి తగ్గించి ఇవే టైర్లతో దిగుతాం, అది వేరే వీడియో. ఉంటా మరి.