ఒక క్యాసెట్, 14 పేర్లు

నమస్కారం. పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను.

చలికాలం వచ్చిందంటే బరంపురంలో రోడ్ల పక్కన స్వెటర్ల దుకాణాలు వెలుస్తాయి. మనం వాటిని నేపాలీ దుకాణాలు అంటాం. నేనూ చిన్నప్పటి నుంచి అలాగే అన్నాను. కిందటి చలికాలంలో మా అక్క కొడుక్కి స్వెటరు కొందామని ఒక దుకాణానికి వెళ్లాను. అమ్ముతున్న ఆవిడకు అరవై దాటి ఉంటాయి. బేరమంతా తెలుగులోనే సాగింది. "నాలుగు వందలమ్మా, రూపాయి తగ్గదు, ఉన్ని పట్టుకుని చూడు" అన్నారు. చిల్లర కోసం రేకు డబ్బా తెరిచినప్పుడు మూత లోపలి వైపు ఒక ఫొటో కనిపించింది. ఐదారేళ్ల బాబు. చలికి కందిన బుగ్గలు, సూటిగా మనవైపే చూసే కళ్లు. ఫొటో పాడవకుండా పైన టేపు అంటించారు. ఆ టేపు కూడా పసుపు పచ్చగా మారిపోయింది.

"మీ మనవడా?" అని అడిగాను.

"కాదమ్మా, మా గురువు" అన్నారు. కాస్త ఆగి, "ఇప్పుడు మా పెద్దబ్బాయి ఈడువాడు" అన్నారు.

ఆవిడ నేపాలీ కాదు, టిబెటన్. ఊరు ఎక్కడో కూడా కాదు, మన గజపతి జిల్లాలోనే, మోహన సమితిలోని చంద్రగిరి. 1963 నుంచి అక్కడ టిబెట్ శరణార్థులు ఉంటున్నారు. జిరంగ్‌లోని పెద్ద బౌద్ధ విహారం చూడటానికి మనలో ఎంతోమంది వెళ్లి ఉంటారు. నేను మూడుసార్లు వెళ్లాను. ఫొటోలు దిగాను, మొక్కజొన్న పొత్తులు తిన్నాను, తిరిగి వచ్చాను. వీళ్లు సొంత ఊళ్లు వదిలి ఇంత దూరం ఎందుకు వచ్చారని ఒక్కసారి కూడా ఎవరినీ అడగలేదు. అది తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఆ బాబు పేరు గెధున్ చోకీ నీమా. పుట్టింది 1989 ఏప్రిల్ 25న. 1995 మే 14న దలైలామా ఆ పిల్లవాడిని పదకొండవ పంచెన్ లామాగా, అంటే టిబెట్ బౌద్ధుల పెద్ద గురువుల్లో ఒకరి పునర్జన్మగా ప్రకటించారు. మూడు రోజులు గడిచాయి. మే 17న చైనా అధికారులు ఆ బాబును, తల్లిదండ్రులను తీసుకుపోయారు. ఆ తర్వాత బయటి ప్రపంచం వారిని చూడలేదు. పిల్లవాడిని వెతికే బృందానికి పెద్దగా ఉన్న చద్రెల్ రింపోచేకు 6 సంవత్సరాల జైలుశిక్ష వేశారు. 1995 నవంబరులోనే చైనా ప్రభుత్వం మరో బాలుడిని పంచెన్ లామాగా ఎంపిక చేసింది. కొత్త దలైలామాను గుర్తించడంలో పంచెన్ లామా మాటకు తరతరాలుగా విలువ ఉంది. పలకాబలపం పట్టే వయసున్న పిల్లవాడిని చూసి అంత పెద్ద ప్రభుత్వం భయపడటానికి కారణం ఇదే.

2020లో చైనా విదేశాంగ శాఖ ఒక మాట చెప్పింది. ఆయన కాలేజీ చదువు పూర్తిచేశారట, ఉద్యోగం చేసుకుంటున్నారట, తమను ఎవరూ కదిలించవద్దని కుటుంబం కోరుకుంటోందట. నిజంగా క్షేమంగా ఉంటే ఆ మాట ఆయన నోటితోనే చెప్పించవచ్చు కదా? ఇన్నేళ్లలో కనీసం ఒక కొత్త ఫొటో అయినా ఎందుకు రాలేదు? రేకు డబ్బా మూతకున్న ఆ బాబుకు ఇంకా ఐదారేళ్లే.

ఆ రాత్రి ఇంటికి వచ్చాక టిబెట్ ఖైదీల గురించి చదువుతూ కూర్చున్నాను. అక్కడే నాకు క్యాసెట్ సంగతి తెలిసింది.

లాసా నగరంలోని ఒక జైలు పేరు ద్రాప్చీ. 1993లో అక్కడ 14 మంది బౌద్ధ సన్యాసినులు ఒక టేప్ రికార్డరును రహస్యంగా సంపాదించారు. వారిలో చాలామంది ఊరేగింపుగా వెళ్లి టిబెట్‌కు స్వేచ్ఛ కావాలని, దలైలామాకు జయమని నినాదాలు చేసి పట్టుబడినవారు. కావలివారి కంటపడకుండా, గొంతు పెంచకుండా, ఒక్కొక్కరు తన పేరు చెప్పి, ఇంట్లోవారి కోసం, స్నేహితుల కోసం ఒక్కో పాట పాడారు. క్యాసెట్ జైలు గోడ దాటింది, దేశం కూడా దాటింది. అక్టోబరులో ఆ 14 మందికీ శిక్షలు పెంచారు. ఒక్కొక్కరికి 5 నుంచి 9 సంవత్సరాలు అదనంగా పడ్డాయి. పాట పాడినందుకు!

వారిలో నవాంగ్ సాంగ్‌డ్రోల్ మొదటిసారి పట్టుబడినప్పుడు ఆమె వయసు 13. మన ఊళ్లో ఆ వయసు పిల్ల ఎనిమిదో తరగతిలో ఉంటుంది. ఆమె బయటికి వచ్చింది 2002 అక్టోబరులో. ఫుంత్సోగ్ నైడ్రోన్ 2004లో వచ్చారు.

ఇది చదువుతున్నంతసేపూ నాకు రామదాసు గుర్తుకు వస్తూనే ఉన్నాడు. తెలుగువాడికి చెరసాల అనగానే ముందు తలపుకు వచ్చేది గోల్కొండ కోటలోని ఆ చీకటి గదే కదా. కంచర్ల గోపన్న మీద మోపిన నేరం సర్కారు సొమ్ము గుడికి ఖర్చు చేశాడని. కాబట్టి రెండూ ఒకటేనని నేను అనను. కానీ 12 సంవత్సరాల చెర అనుభవించిన ఆయన పాట ఇవాళ్టికీ పర్లాకిమిడి భజనల్లో వినిపిస్తుంది. బడిలో ఒడియా చదువుకున్న మన పిల్లలకు కూడా ఆ కీర్తనలు నోటికి వచ్చు. చెరలో పుట్టిన పాట విలువ తెలిసిన జాతి మనది. ద్రాప్చీ పాటలు మనకు అర్థం కాకపోవడం ఏమిటి?

పక్క దేశం సంగతి మనకెందుకని ఇంతకుముందు ఒక వీడియో కింద ఎవరో రాశారు. చంద్రగిరి పక్క దేశం కాదండీ. అయినా ఈ కష్టం ఒక్క దేశానిది, ఒక్క మతానిది కాదు. ఆఫ్రికా దేశం ఎరిట్రియాలో యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందిన ముగ్గురు తుపాకీ పట్టడానికి మనస్సాక్షి ఒప్పుకోదని అన్నందుకు 1994 సెప్టెంబరు నుంచి 2020 డిసెంబరు వరకు విచారణే లేకుండా ఖైదులో ఉన్నారు. నైజీరియాలో ముబారక్ బాలా అనే ఆయన తనకు దేవుడి మీద నమ్మకం లేదన్నవారు. ఫేస్‌బుక్‌లో రాసిన మాటలకు 2022లో ఆయనకు 24 సంవత్సరాల శిక్ష వేశారు. అప్పీలులో శిక్ష తగ్గాక 2025లో బయటపడ్డారు. నమ్మినందుకూ జైలే, నమ్మనందుకూ జైలే.

మన ఒడిశాలో కూడా 1967 నుంచి మతమార్పిడుల మీద చట్టం ఉంది. బలవంతంగా మతం మార్చడం తప్పు, అందులో నాకు రెండో మాట లేదు. అయితే ఏది ప్రచారం, ఏది ప్రలోభం అనే గీతను అధికారులు ఎక్కడ గీస్తున్నారో మనం కళ్లు తెరిచి చూస్తూ ఉండాలి. గుడికి వెళ్లేవారు, చర్చికి వెళ్లేవారు, విహారానికి వెళ్లేవారు ఒకే సంతలో కూరగాయలు కొనుక్కునే జిల్లా మనది.

ఆ క్యాసెట్‌లో ఒక్కొక్కరు ముందు తమ పేరు చెప్పుకున్నారని అన్నాను కదా. ఆ పేర్లను ఇవాళ తెలుగులో చదువుతాను. నా నోటికి సరిగా తిరగవు, తప్పు పలికితే చంద్రగిరి పెద్దలు మన్నించాలి.

ఫుంత్సోగ్ నైడ్రోన్. నవాంగ్ సాంగ్‌డ్రోల్. గ్యాల్త్సెన్ డోల్కర్. గ్యాల్త్సెన్ చోజోమ్. నమ్‌డ్రోల్ ల్హామో. జిగ్మే యాంగ్‌చెన్. పాల్డెన్ చోడ్రోన్. ల్హుండ్రుబ్ జాంగ్మో. నవాంగ్ చోకీ. నవాంగ్ చోజోమ్. నవాంగ్ లోచో. నవాంగ్ త్సమ్‌డ్రోల్. రిగ్జిన్ చోకీ. తెన్జిన్ తుబ్‌తెన్.